హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు క్రైస్తవ సేవకులు: చరిత్ర, స్మరణ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా ఏర్పడేదాకా ఇవి అనంతపురం జిల్లా దక్షిణ భాగం. ఈ ఊళ్ల చుట్టూ క్రైస్తవ సేవకు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు, 19వ శతాబ్దం చివరి నుంచి ప్రొటెస్టెంటు మిషనరీలు, 1969 తర్వాత విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడి పల్లెల్లో పనిచేశారు. వాళ్లందరి పక్కన స్థానికులైన ఉపదేశులు, బైబిల్ స్త్రీలు, సంఘ పెద్దలు నిలబడ్డారు. సేవలో జీవితం గడిపిన వీళ్లలో ఎవరి పేర్లు నిలిచాయి, ఎవరివి చెదిరిపోయాయి, ఎందుకు అన్నది ఈ వ్యాసంలో చూడవచ్చు.

కాషాయం కట్టిన గురువులు

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. జైన బసది, బాబయ్య దర్గా, షేర్‌ఖాన్ మసీదు, రామ శివాలయాలు పక్కపక్కనే ఉన్న ఊరది. రాజధాని ఆ తర్వాత చంద్రగిరికి తరలింది. 1598లో జెస్యూట్ గురువులు అక్కడే రెండో వెంకటపతి రాయల కొలువుకు వచ్చారు. వాళ్లలో కొందరు తెలుగు నేర్చుకున్నారు కాని ఆ ప్రయత్నం వేరూనలేదు.

అసలు కథ 1700 తర్వాత మొదలైంది. పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి జెస్యూట్లు కర్ణాటక మిషను పేరుతో పుంగనూరు మీదుగా పైకి వచ్చారు. మదురైలో రాబర్ట్ డి నోబిలి చూపిన దారినే పట్టారు. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. కృష్ణాపురం, ధర్మవరం, ముదిగుబ్బ, దక్షిణాన బళ్ళాపురం వాళ్ల కేంద్రాలయ్యాయి. ఎతియెన్ లె గాక్ ఈ ప్రాంతంలో చాలాకాలం పనిచేసి, తర్వాత పుదుచ్చేరిలో మిషను పెద్ద అయ్యారు. బళ్ళాపురంలో ఉన్న జాన్ కాల్మెత్ సంస్కృతం నేర్చుకుని, 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపారు. ఐరోపా పండితులు వేదం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్న రోజులవి. ఆ రాతప్రతులు వాళ్లకు మన పొరుగునుంచే వెళ్లాయి.

వీళ్లందరిలో ప్రత్యేకంగా తలుచుకోవలసిన వ్యక్తి గాస్తోన్ లోరాన్ కెర్దూ. ఆయన 1691లో ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణంలో పుట్టి, 1732లో ఇండియాకు వచ్చారు. ధర్మవరం, కృష్ణాపురం ప్రాంతాల్లో పనిచేస్తూ తెలుగు మీద ఎంత పట్టు సాధించారంటే, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి మాటలతో నిఘంటువు కూర్చారు. సంస్కృత పదాలకూ లాటిన్, గ్రీకు పదాలకూ ఉన్న దగ్గరితనం ఆయన దృష్టికి వచ్చింది. సంస్కృతంలో దానం, లాటిన్‌లో దోనుమ్. ఇక్కడ విధవా, అక్కడ విదువా. ఇది వ్యాపారంలో అరువు తెచ్చుకున్న మాటల వ్యవహారం కాదనీ, ఈ భాషలు మాట్లాడినవాళ్ల మూలం ఒకటే అయి ఉండాలనీ ఆయన వాదించారు. 1767లో ఆ సంగతి రాసి పారిస్ పండిత పరిషత్తుకు పంపారు. ఆంగ్ల పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పింది 1786లో. కెర్దూ రాసింది అచ్చయింది 1808లో. ఆయన అప్పటికే పోయి సుమారు ముప్పై ఏళ్లు. భాషాశాస్త్ర పుస్తకాలు జోన్స్ పేరుతో మొదలవడానికి ఈ ఆలస్యం ఒక కారణం.

ఆయనకు జరిగిన అన్యాయం అది ఒక్కటే కాదు. హిందువుల ఆచార వ్యవహారాల మీద ఆయన రాసిపెట్టిన వివరాలు ఫ్రెంచి గురువు ఆబె దుబువా చేతికి వచ్చాయి. 19వ శతాబ్దంలో దుబువా పేరుతో లోకమంతా చదివిన ప్రసిద్ధ గ్రంథానికి ఆధారం కెర్దూ రాతేనని ఫ్రెంచి పరిశోధకురాలు సిల్వియా మూర్ 1987లో నిరూపించారు. బట్టల అద్దకం గురించి కెర్దూ 1740లలో రాసిన లేఖలు ఐరోపా అద్దకపు పరిశ్రమకు పాఠాలయ్యాయి. ఆ విద్య తెలిసిన తన ఉపదేశుల దగ్గరే వివరాలు రాబట్టానని ఆయనే చెప్పుకున్నారు. ఆ ఉపదేశుల పేర్లు మాత్రం లోకానికి తెలియలేదు. ఈ ప్రాంత క్రైస్తవ చరిత్ర పొడవునా ఇదే తంతు సాగింది.

ఆలమూరు రెడ్లు, అంకితమైన కావ్యాలు

1715 ప్రాంతంలో అనంతపురం దగ్గరి ఆలమూరులో తుమ్మా వారి కుటుంబం బాప్తిస్మం పొందింది. తెలుగు కథోలిక రెడ్ల చరిత్ర అక్కడినుంచే మొదలవుతుంది. మరాఠాల దాడులు, పాలెగాళ్ల పోరులు పెరిగాక ఇలాంటి కుటుంబాలు చాలా వరకు ఊళ్లు వదిలి తూర్పుకు తరలిపోయాయి. కొందరు గుంటూరు సీమలో ఫిరంగిపురం వైపు, కొందరు తమిళ సీమలో కీళచ్చేరిలో స్థిరపడ్డారు. అందుకే ధర్మవరం చుట్టుపక్కల మొలకెత్తిన విశ్వాసం ఇప్పుడు ఎక్కువగా కృష్ణా డెల్టా అంచున కనబడుతుంది. ఇక్కడి కుటుంబాల పేర్లు అక్కడి విచారణల (పారిష్‌ల) పుస్తకాల్లో దొరుకుతాయి.

ఆ కాలపు తెలుగువాళ్లు తమ పెద్దల పేరు నిలపడానికి ఎంచుకున్న పద్ధతి మన సాహిత్య సంప్రదాయంలోదే. పింగళి ఎల్లనార్యుడు తోబ్యా చరిత్రమును తుమ్మా రాయపరెడ్డికి అంకితమిచ్చాడు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథతో వేదాంత రసాయనము రాసి దాసమంత్రికి అంకితమిచ్చాడు. అంకితం పుచ్చుకున్న కృతిభర్త వంశావళి, దానగుణం, భక్తి వర్ణించడం ప్రబంధ మర్యాద. ఆ మర్యాదలోకి క్రైస్తవ కుటుంబాలు సహజంగా ఒదిగిపోయాయి. సమాధి రాళ్లు అరిగిపోయినా ఈ పేర్లు పద్యాల్లో మిగిలాయి. తెలుగు సాహిత్య చరిత్రలు ఈ రెండు కావ్యాలను పేరుకు ప్రస్తావించి దాటిపోతాయి. అవి ఇంకా శ్రద్ధగా చదవదగినవి.

1773లో పోపు జెస్యూట్ సభను రద్దు చేశారు. మిషను పారిస్ విదేశీ మిషన్ల గురువుల చేతికి వెళ్లింది. హైదరాలీ, టిప్పు కాలపు యుద్ధాలు కూడా తోడై ఇక్కడి పని పలచబడింది. చాలా ఊళ్లలో గురువు ఏడాదికోసారి రావడమే గగనమైంది. ప్రార్థనలు నేర్పినది, చావుబతుకుల్లో ఉన్న పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చినది, తగవులు తీర్చినది ఉపదేశులే.

రైలు మార్గం వెంట

ప్రొటెస్టెంటు సేవ ఈ ప్రాంతానికి చుట్టూ తిరిగి వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో, 1810లో జాన్ హ్యాండ్స్ ద్వారా బళ్ళారిలో, 1820లలో కడపలో అడుగుపెట్టింది. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1876-78 కరువు రాయలసీమను పీల్చి పిప్పి చేసింది. ఆ తర్వాతి ఏళ్లలోనే ఈ సొసైటీ గుత్తిలోనూ, 1890లో అనంతపురంలోనూ స్థిరపడింది. గుంతకల్లు నుంచి బెంగళూరుకు మీటరుగేజి రైలు 1890లలో వచ్చింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఆ దారిలోని స్టేషన్లే.

బెంజమిన్ డేవిడ్‌సన్ 1893లో సిలోనులో మొదలుపెట్టిన మిషను తర్వాత దక్షిణ భారతానికి విస్తరించి సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్ అయింది. జనం నోట సి.ఐ.జి.ఎం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దాని కేంద్రాలయ్యాయి. ఇది ఏ ఒక్క శాఖకూ చెందని విశ్వాస మిషను. అంటే సేవకులకు ఖాయమైన జీతం ఉండదు. దేవుడు ఇచ్చినదాంతో సరిపెట్టుకోవాలి. ఇక్కడ పనిచేయాలంటే తెలుగు ఒక్కటే చాలదు. హిందూపురం, మడకశిర వైపు కన్నడమూ కావాలి, బజారులో ఉర్దూ కావాలి. సంతరోజున నిలబడి సువార్త భాగాలు అమ్మడం, చలికాలంలో గుడారాలు వేసుకుని పల్లెలు తిరగడం, చిన్న బడి నడపడం, జబ్బు మనిషికి మందివ్వడం వీళ్ల రోజువారీ పని. ఏళ్ల తరబడి తిరిగినా బాప్తిస్మం తీసుకునేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. కర్నూలు, గుంటూరు జిల్లాల్లో వేలమంది ఒక్కసారిగా చేరినట్టు ఇక్కడ జరగలేదు. ఫలితం కనబడని చోట జీవితమంతా నిలబడడం మామూలు భక్తి కాదు. ఈ ప్రాంతపు సేవకులను కొలవవలసిన కొలత అదేనని చెప్పాలి.

ఈ పనిలో బరువైన వంతు మోసింది విదేశీ దొరలు కాదు. దొర కొన్నేళ్లకోసారి సెలవు మీద స్వదేశం వెళ్లేవాడు. ఉపదేశి మాత్రం ఊళ్లోనే ఉండేవాడు. సొంత కులస్థుల మాటలు, ఆసాముల బెదిరింపులు పడుతూ, కొద్దిపాటి జీతంతో పాకలో బడి చెప్పి, రాత్రికి కీర్తనలు నేర్పేవాడు. బైబిల్ స్త్రీ అయితే మగవాడు గడప దాటలేని ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేది. వీళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. తమ కుటుంబంలో చదువుకున్న మొదటి తరం వాళ్లే.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషను సంఘాలు అందులో చేరాయి. 1950లో రాయలసీమ అధ్యక్ష మండలం ఏర్పడింది. దాని బిషప్ హోస్పేట్ సుమిత్ర 1954 నుంచి 1962 దాకా మొత్తం సంఘానికి మోడరేటర్‌గా ఉన్నారు. సి.ఐ.జి.ఎం. సంఘాలు ఈ కలయికకు బయటే ఉన్నాయి. ఆ మిషను 1968లో పూనా అండ్ ఇండియన్ విలేజ్ మిషన్‌తో కలిసి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఫెలోషిప్ అయింది. 1989లో అదీ ఎస్.ఐ.ఎం. అనే అంతర్జాతీయ మిషనులో కలిసిపోయింది. అప్పటికే విదేశీ సేవకులు చాలావరకు వెళ్లిపోయారు. సంఘాల బాధ్యత పూర్తిగా స్థానికుల చేతికి వచ్చింది.

బత్తలపల్లిలోని సమాధి

ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో ఉన్న విన్సెంట్ ఫెర్రర్ సమాధికి వచ్చినంతమంది ఈ ప్రాంతంలో మరే సేవకుడి సమాధికీ రారు. 1920 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పుట్టిన ఆయన స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడు. 1944లో జెస్యూట్ సభలో చేరి, 1952లో ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో కలిసి బావులు తవ్వించారు. 1968లో ప్రభుత్వం దేశం విడిచి వెళ్లమంది. రైతులు ఆయన కోసం వీధికెక్కారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం ఎంచుకుని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు స్థాపించారు. 1970లో సభను విడిచి, ఆంగ్ల పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్లాడారు. ట్రస్టు మతప్రచారం చేయలేదు. ఇళ్లు కట్టించి ఆడవాళ్ల పేర రాసింది, బడులు నడిపింది, చెరువులు బాగుచేసింది, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి కట్టింది. 2009 జూన్ 19న ఆయన చనిపోయినప్పుడు వేలాదిమంది తరలివచ్చారు. ఆయన్ను ఇక్కడి ప్రజల మధ్యే పూడ్చారు. గురుత్వం వదిలినా గురువుగానే జనం పిలిచారు. ఫాదర్ అన్న మాట ఆయనకు చివరిదాకా ఇంటిపేరులా నిలిచింది.

పేర్లు ఎలా నిలుస్తాయి

ఫెర్రర్ పేరు నిలవడానికి ఆయన గొప్పదనంతో పాటు మరో కారణమూ ఉంది. ఆసుపత్రి, బడి, ఇల్లు కళ్ల ముందు ఉన్నాయి. కడప సీమలోని జమ్మలమడుగులో లండన్ మిషను డాక్టర్ క్యాంబెల్ పేరు ఆసుపత్రి వల్లే బతికింది. కట్టడం లేని సేవకు అలాంటి ఆధారం లేదు. కెర్దూ, లె గాక్, కాల్మెత్ పేర్లు మిగిలింది వాళ్ల ఉత్తరాలు పారిస్‌లో అచ్చయినందువల్ల. లండన్ మిషను కాగితాలు లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఉత్తరం రాసినవాడి పేరు మిగిలింది. ఆ ఉత్తరంలో 'మా ఉపదేశి' అని మాత్రమే కనబడే మనిషి పేరు పోయింది.

సంఘాలు తమ పద్ధతిలో స్మరణ కొనసాగిస్తూనే ఉన్నాయి. కథోలికులు నవంబరు 2న సమాధుల తోట శుభ్రం చేసి, సున్నం కొట్టి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూటం పెట్టి, పోయిన అయ్యగారు లేదా అమ్మగారు ఏ ఊళ్లో ఎన్నేళ్లు సేవ చేశారో సాక్ష్యం చెప్తారు. మనవలకు వాళ్ల పేర్లు పెట్టుకుంటారు. సమాధి రాతి మీద 'ప్రభువునందు నిద్రించిరి' అని చెక్కిస్తారు. ఈ సాక్ష్యాలు చాలా విలువైనవి. కాని నోటిమాటగా చెప్పినవి మూడో తరం దాటి నిలవవు.

సంఘం బాప్తిస్మ పుస్తకం, పెళ్లి పుస్తకం, పాత సమాధి రాళ్లు, ఇంట్లో ఉన్న నాన్నమ్మ జ్ఞాపకం, వీటిలోనే ఈ ప్రాంతపు అసలు చరిత్ర ఉంది. చెదలు పట్టకముందే ఆ పుస్తకాలను ఫొటోలు తీసి దాచడం, రాళ్ల మీది అక్షరాలను రాసిపెట్టుకోవడం, పెద్దవాళ్లు చెప్పింది ఫోనులోనైనా రికార్డు చేయడం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాల యువకులు ఈ ఏడాదే మొదలుపెట్టవలసిన పని.