కాజ్‌వే పైపులూ, మా ఊరి పిల్లకాలువా

సింగపూర్ వచ్చిన కొత్తలో జొహోర్ బారు వెళ్ళే బస్సెక్కాను. కాజ్‌వే పక్కనే మాతోపాటు వస్తున్న లావుపాటి పైపులు చూసి, పక్కన కూర్చున్న తెలుగాయనను "ఇవేమిటండీ?" అని అడిగాను. "మనం తాగే నీళ్ళు" అన్నారాయన. నేను కృష్ణా డెల్టాలో చిట్టచివరి ఆయకట్టున పుట్టినవాణ్ణి. నీళ్ళు పైవాడి దయ అన్నమాట మాకు కొత్త కాదు. (పైవాడంటే దేవుడు కాదండోయ్, ఎగువ పొలం రైతు!)

ఈ పైపుల కథ పాతదే. 1927లో సింగపూర్ మునిసిపల్ కమిషనర్లు జొహోర్ సుల్తాన్ ఇబ్రహీంతో మొదటి ఒప్పందం చేసుకున్నారు. 1942 జనవరి 31న, జపాను సైన్యాన్ని ఆపడానికి బ్రిటిష్ వాళ్ళు కాజ్‌వేను పేల్చేశారు. దాంతోపాటు నీళ్ళ గొట్టమూ తెగింది. పక్షం రోజులకు ఊరు లొంగిపోయింది. ఆ సంగతి ఇక్కడి పెద్దలెవరూ మరచిపోలేదు.

తర్వాత 1961లో, 1962లో మరో రెండు ఒప్పందాలు జరిగాయి. మొదటిది 2011లో ముగిసింది. రెండోది 2061 దాకా ఉంటుంది. దాని ప్రకారం జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్లు తీసుకోవచ్చు. వెయ్యి గ్యాలన్లకు ధర 3 సెన్లు. శుద్ధిచేసిన నీటిని జొహోర్ 50 సెన్లకు తిరిగి కొంటుంది. 1965లో సింగపూర్ విడిపోయినప్పుడు ఈ ఒప్పందాలకు రెండు ప్రభుత్వాలూ పూచీ పడ్డాయి. ధర మరీ చవకని మలేషియా, సవరించే గడువు దాటిపోయిందని సింగపూర్ వాదించుకుంటూనే ఉన్నాయి. 2003లో సింగపూర్ ప్రభుత్వం ఇరుపక్షాల లేఖలనూ అచ్చువేసి జనం ముందు పెట్టింది. నాకు బాగా నచ్చింది ఆ పని. పంపు తిప్పే ఇల్లాలికి కూడా తగాదా ఏమిటో తెలిసింది.

మన కృష్ణ సంగతి చూడండి. 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 2060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. మళ్ళీ పారివచ్చే నీటితో కలిపి మనది 811 అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక, 2015లో ఆ 811లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా సర్దుకున్నారు. అసలు పంపకాన్ని 2023లో బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించారు.

ఇన్నేళ్ళ వాదనల్లో మా తాతగారి గొంతు ఎక్కడ? 1956 చట్టం కింద ట్రిబ్యునల్ కావాలని అడగవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. రైతు తన గోడు అక్కడ నేరుగా చెప్పుకోలేడు. తాతగారికి తెలిసిన న్యాయస్థానం లస్కరు ఇంటి అరుగు. నారుమడి ఎండుతుంటే తెల్లవారకముందే వెళ్ళి, తూము ఒక్క అంగుళం ఎత్తమని బతిమాలేవారు. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. తాతగారు అప్పటికి లేరు. బాబాయి ఓటేసి వచ్చి, "ఓటు కాలువ దాకానే, నది దాకా పోదు" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

పట్టిసీమ వచ్చాక గోదావరి నీళ్ళు మా డెల్టాకూ చేరుతున్నాయి. ఈమధ్య బాబాయికి ఫోన్ చేసి, "చివరి పొలానికి నీళ్ళొచ్చాయా?" అని అడిగాను.

"మాకు గోదారి నీళ్ళురా ఇప్పుడు. నువ్వు తాగేవి ఎవరివో ముందది చెప్పు" అని నవ్వాడు.