ప్లేగు కాలంలో కుటుంబం: బొంబాయి, పూణేల అనుభవం (1896–1898)

6.1 పరిచయం

2020లో కరోనా వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు జారీ చేసిన నిబంధనలకు ఆధారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు సందర్భంలో ఈ చట్టం వచ్చింది. ప్లేగు చరిత్రను సాధారణంగా ప్రభుత్వ చర్యల వైపు నుంచి చదువుతాం. ఈ భాగంలో ఇంటి లోపలి నుంచి పరిశీలిద్దాం. ప్రజల ప్రవర్తనను నాటి అధికారులలో చాలామంది అజ్ఞానంగా భావించారు. నిజానికి ఏ ప్రమాదం పెద్దది, ఏది చిన్నది అని కుటుంబాలు వేసుకున్న లెక్క అందులో కనిపిస్తుంది.

6.2 ఉండాలా, వెళ్లాలా?

1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు దగ్గరలోని మాండ్వీలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లోనే లక్షలాది మంది నగరం విడిచారు. ఊరు వదిలితే కూలి పోతుంది; ఉంటే ప్రాణం పోవచ్చు. కార్మికులు వెళ్లిపోవడంతో, మిగిలినవారిని నిలుపుకోవడానికి మిల్లు యజమానులు ఏ రోజు కూలి ఆ రోజే చెల్లించవలసి వచ్చింది.

ఇంట్లో ఎలుకలు చచ్చి పడితే ఇల్లు ఖాళీ చేసి, ఊరి బయట పాకలు వేసుకోవడం చాలా ప్రాంతాల్లో కనిపించిన అలవాటు. ఎలుకలపై ఉండే గోమార్ల ద్వారా ప్లేగు సోకుతుందని పాల్ లూయీ సిమండ్ 1898లో ప్రయోగపూర్వకంగా చూపాడు. కారణం తెలియకపోయినా ప్రజల జాగ్రత్త సరైనదే అయింది.

6.3 చెప్పాలా, దాచాలా?

రోగిని గురించి అధికారులకు తెలియజేస్తే అతణ్ణి ఆసుపత్రికి, కుటుంబాన్ని నిర్బంధ శిబిరానికి తరలించేవారు. సామాను తగులబెట్టేవారు. ఆసుపత్రిలో చేరిన ప్లేగు రోగుల్లో ఎక్కువమంది తిరిగి రాలేదు. కులాచారం, స్త్రీల మర్యాద, అంత్యక్రియలు అన్నీ ప్రశ్నార్థకమయ్యాయి. దాస్తే మాత్రం మిగిలినవారికి రోగం సోకవచ్చు. ఈ రెండింటి మధ్య అనేక కుటుంబాలు దాచడాన్నే ఎంచుకున్నాయి.

పూణేలో ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ సైనికుల చేత ఇళ్లు సోదా చేయించాడు. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు అతనిపై కాల్పులు జరిపారు. 1898 మార్చిలో బొంబాయిలో అల్లర్లు చెలరేగాయి. ఆ తరువాత ప్రభుత్వం క్రమంగా బలవంతాన్ని తగ్గించి, ఆయా కులాలు, మతాల వారు నడిపే ఆసుపత్రులకు ప్రాధాన్యమిచ్చింది.

నమ్మకంతో సేవ చేసినవారూ ఉన్నారు. సావిత్రీబాయి ఫూలే, ఆమె దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ పూణే శివార్లలో రోగులకు వైద్యసహాయం అందించారు. సేవ చేస్తుండగానే ప్లేగు సోకి 1897 మార్చి 10న సావిత్రీబాయి మరణించారు.

6.4 సూది వేయించుకోవాలా?

హాఫ్‌కిన్ తాను రూపొందించిన ప్లేగు టీకాను 1897 జనవరిలో మొదట తనపైనే ప్రయోగించుకున్నాడు. టీకా వేయించుకుంటే జ్వరం, వాపు వచ్చేవి. దినకూలీకి అది పని నష్టం. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో టీకా పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ఒక సీసాలోని మందు కలుషితం కావడమే ఇందుకు కారణం. చాలా ఏళ్ల తరువాత హాఫ్‌కిన్ నిర్దోషిగా తేలాడు. అప్పటికే టీకాపై ప్రజల నమ్మకం దెబ్బతిన్నది.

6.5 ముగింపు

కుటుంబాల లెక్కలన్నీ సరైనవని చెప్పలేం. దాచిన రోగం ఇంటిల్లిపాదినీ కబళించిన సందర్భాలు ఉన్నాయి. అయితే ఆ లెక్కలో రోగభయంతో పాటు ప్రభుత్వభయం కూడా చేరిందని గుర్తించాలి. నిజం చెప్పినందుకు శిక్ష పడే చోట నిజం దాగుతుంది. ప్రజారోగ్య చరిత్ర నుంచి మనం గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్లేగు రోగులను కుటుంబాలు దాచడానికి గల కారణాలను వివరించండి.
2. ముల్కోవాల్ ఘటన టీకాపై ప్రజల నమ్మకాన్ని ఎలా ప్రభావితం చేసింది?
3. కరోనా కాలంలో మీ ఇంట్లో తీసుకున్న ఒక నిర్ణయాన్ని పై అంశాలతో పోల్చి రాయండి.