హేడా బల్ల మీద మిరియాల పొట్లం

డచ్ చిత్రకారుడు విల్లెం హేడా 1635లో వేసిన ఒక స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలో ఉంది. బల్ల మీద బంగారు పూత కప్పు, ఒరిగిపోయిన వెండి పాత్ర, ఆల్చిప్పలు, సగం తొక్క ఒలిచిన నిమ్మకాయ. చూసినవాళ్లంతా ఆ నిమ్మతొక్కనే మెచ్చుకుంటారు. నా కన్ను మాత్రం కాగితం పొట్లం మీద పడింది. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి. పాత అచ్చు కాగితాన్ని శంఖంలా చుట్టి, కొస మడిచి సరుకు పోయడం ఓనమాలకన్నా ముందే నేర్చాను. హేడా గీసిందీ అలాంటి పొట్లమే. అందులో ఉన్నవి మిరియాలు.

ప్రొటెస్టెంట్ల ఏలుబడిలో చర్చిల నుంచి బొమ్మల పని తగ్గిపోయి, హాలండ్ చిత్రకారులు వర్తకుల ఇళ్లను నమ్ముకున్నారు. హేడా ఊరు హార్లెంలో ఈ భోజనపు బల్లల బొమ్మలకు మంచి గిరాకీ. పండితులకు మాత్రం చిన్నచూపే. కళ అనే సైన్యంలో ఇలాంటి బొమ్మలు వేసేవాళ్లు మామూలు సిపాయిలని డచ్ చిత్రకారుడు, రచయిత హూగ్‌స్ట్రాటెన్ 1678లో తేల్చేశాడు.

ఒరిగిన పాత్రలో, ఒలిచిన పండులో సిరిసంపదలు నిలవవన్న నీతి ఉందంటారు విమర్శకులు. ఉండొచ్చు. నాకైతే ముందు సరుకు కనిపిస్తుంది, తర్వాతే నీతి.

1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ జావా, సుమత్రాల నుంచి మిరియాలు మోసుకెళ్లేది. అక్కడివాళ్లు మారకంగా కోరింది ఎక్కువగా మన నూలు బట్టలు. అందుకే డచ్చివారు 1605లో మా బందరులో దిగారు, తర్వాత పాలకొల్లులోనూ కొట్లు పెట్టారు. బందరు ఉన్న ఈ కోరమాండల్ తీరం మసాలా దీవులకు ఎడమచెయ్యి అనీ, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేననీ కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు. గోదావరి, కృష్ణా తీరాల్లో మగ్గం గుంటలో కూర్చున్న మనిషికీ హార్లెం భోజనపు బల్లకూ మధ్య ఉన్న లంకె ఆ మిరియాలే.

స్టిల్ లైఫ్ చూసినప్పుడు అచ్చు గుద్దినట్టు వేశాడని మెచ్చుకుని ఊరుకోకండి. ఆ బల్ల మీది ఒక్కో వస్తువూ ఎక్కడిది, ఎవరి కష్టం, దేనికి బదులుగా వచ్చిందో ఆరా తీయండి.