పొగాకు మాన్పించే సెల్‌ఫోన్ సందేశాలు

బీడీ, సిగరెట్, తంబాకు, ఖర్రా వంటి అలవాట్లకు లోనైనవారి చేత వాటిని మాన్పించుటకు సెల్‌ఫోన్‌కు క్రమపద్ధతిలో చిన్న సందేశాలు పంపే విధానం 2000 దశకం నుండి ప్రపంచమంతటా వ్యాపించింది. వైద్యుడు, సలహా కేంద్రం దూరంగా ఉండే జిమల్‌గట్ట, సిరొంచ వంటి ప్రాంతాల కుటుంబాలకు ఈ విధానం గురించి తెలిసి ఉండుట అవసరం.

మన ప్రాంతంలో పొగాకు

2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలో 15 ఏళ్లు దాటినవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7 శాతం కాగా, నమిలేవారు 21.4 శాతం. గడ్చిరోలి జిల్లాలో ఖర్రా వాడకం విస్తారం. వక్క ముక్కలు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి దీనిని తయారు చేస్తారు. పొగాకు వల్ల నోటి క్యాన్సర్ కలుగుతుంది. వక్క వల్ల నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని వ్యాధి వస్తుంది.

మహారాష్ట్ర ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు నెలకొల్పిన 'సెర్చ్' సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి 2016లో జిల్లాలో మద్యం, పొగాకు నివారణకు 'ముక్తిపథ్' కార్యక్రమం చేపట్టాయి.

ఎండాకాలంలో తునికాకు కోసి కల్లానికి చేర్చితే వచ్చే కూలి ఈ ప్రాంతపు ఎన్నో ఇళ్లకు ఆధారం. ఆ ఆకే బీడీగా మారి తిరిగి వస్తుంది. ఆకు కోయడం బతుకుతెరువు. బీడీ తాగడం మాత్రం తప్పనిసరి కాదు. ఈ రెండింటినీ కలిపి చూడవలసిన పని లేదు.

సందేశం ఎలా పనిచేస్తుంది?

పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. మానివేసిన తర్వాత చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపం మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, కొన్ని వారాల్లో తగ్గుతాయి. తాగాలనే కోరిక ఒక్కొక్కసారి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు దాటించుటయే సందేశం చేసే పని.

ముందుగా మానే తేదీని నిర్ణయించుకోవాలి. ఆ తేదీకి ముందు సిద్ధం చేసే సందేశాలు, తర్వాత ధైర్యం చెప్పే సందేశాలు వస్తాయి. బ్రిటన్‌లో 5,800 మందితో జరిగిన పరిశోధనలో మొదటి 5 వారాలు రోజుకు అయిదు, తర్వాత 26 వారాలు వారానికి మూడు చొప్పున సందేశాలు పంపారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత పరీక్షలో పొగ మానినట్లు తేలినవారు ఆ సందేశాలు అందుకున్నవారిలో 10.7 శాతం, మిగతావారిలో 4.9 శాతం. అంటే ఫలితం రెట్టింపు. అయినా పదిమందిలో ఒకరికే. కనుక సందేశం సహాయమే గాని మంత్రం కాదు.

భాష ముఖ్యం

అమెరికాలోని లాటినోలలో చాలామంది ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషు మాట్లాడుతారు. వారి కోసం రూపొందిన 'డెసిడెటెక్స్టో' పథకంలో తమకు నచ్చిన భాషను ఎంచుకునే వీలు, తిరిగి జవాబు పంపే వీలు కల్పించారు. మన సరిహద్దు గ్రామాల స్థితి కూడా ఇంచుమించు ఇదే. ఇంట్లో తెలుగు లేక గోండి మాట్లాడే యువకుడు మరాఠీ మాధ్యమంలో చదివి ఉండవచ్చు. తెలుగు మాట్లాడగలిగినా చదవలేకపోవచ్చు. అట్టివారికి మరాఠీ సందేశమో, తెలుగులో ఫోన్ మాటో తగినది.

మన దేశంలో సౌకర్యాలు

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో సెల్‌ఫోన్ సందేశాల పథకం ప్రారంభించింది. 011-22901701 నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి అందులో చేరే పద్ధతిని ప్రకటించింది. అదే సంవత్సరం 1800-11-2356 ఉచిత సహాయ నంబరు కూడా మొదలైంది. 2018 సెప్టెంబరు నుండి పొగాకు ప్యాకెట్లపై ఈ నంబరు ముద్రించడం తప్పనిసరి అయింది. ఈ నంబరులో హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాషల్లోనూ సలహా లభిస్తుంది.

ఎస్సెమ్మెస్‌కు ఇంటర్నెట్ అవసరం లేదు. మామూలు ఫోన్ చాలు. సిగ్నల్ లేని చోట ఉన్నా, సిగ్నల్ అందగానే సందేశం చేరుతుంది.

కుటుంబం చేయదగినది

మిరప కోతకు తెలంగాణకు, ఇతర పనులకు దూరప్రాంతాలకు వెళ్లిన కొడుకుకో తమ్ముడికో ఇంటివారే రోజూ ఒక సందేశం పంపవచ్చు. 'మానేసి నాలుగు రోజులైంది, పాప నిన్నడుగుతున్నది' వంటి మాట చాలు. తిట్టడం, దెప్పడం పనికిరావు. భోజనం తర్వాత, పని విరామంలో కోరిక కలుగుట ఎక్కువ కనుక ఆ వేళకే పంపడం మేలు. ఒకసారి తిరిగి తాగినంత మాత్రాన చేసినదంతా వృథా కాదు. మరునాడే మళ్లీ మొదలుపెట్టాలి.

మానిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గనారంభిస్తుందనీ, ఏడాదికి గుండెజబ్బు వచ్చే అదనపు ప్రమాదం సగమవుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుతున్నది. నోటిలో తెల్లమచ్చ, మానని పుండు, నోరు తెరవలేకపోవడం కనిపిస్తే సందేశాలతో సరిపెట్టక వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి.