ఎడారి పట్నంలో కుటుంబంతో నాలుగు రోజులు: దుబాయ్ చరిత్ర, మన ప్రయాణం

నేను ఉర్దూ మీడియం పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పుకునే పంతుల్ని. తెలుగులో రాసే అలవాటు తక్కువ. కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, ఈసారి సావనీరుకు చరిత్ర మీద ఏదైనా రాయండి" అని అడిగితే కాదనలేకపోయాను. తప్పులుంటే మన్నించగలరని మనవి.

ఈ ఏడు మా ఇంట్లో ఒక చర్చ నడిచింది. డిసెంబరు సెలవులకు నాలుగు రోజులు దుబాయ్ పోదామని పిల్లలు పట్టుబట్టారు. ఎత్తయిన బిల్డింగు, పెద్ద పెద్ద మాల్స్, ఎడారిలో జీపు సవారీ అని వాళ్ళ లిస్టు వాళ్ళు రాసేసుకున్నారు. అంతా విని మా అమ్మీ ఒకే మాట అన్నది: "బిల్డింగులు నాకెందుకురా? మీ అబ్బా ఉత్తరాల్లో రాసే ఆ ఖోర్ చూపించు, చాలు."

మా అబ్బా 1977లో బొంబాయిలో ద్వారక అనే స్టీమరు ఎక్కి దుబాయ్ వెళ్ళారు. 1982 దాకా ఆ ఓడ బొంబాయి నుంచి గల్ఫుకు మనవాళ్ళను మోసినది. అబ్బా అక్కడ పంతొమ్మిదేళ్ళు మేస్త్రీ పని చేశారు. ఆయన పంపే ఉర్దూ ఉత్తరాలు అమ్మీకి చదివి వినిపించటం నా డ్యూటీ. జుమ్మా నమాజు అయినాక ఖోర్ ఒడ్డున కూర్చుని పడవలు చూస్తాననీ, కూర్చోటానికి పైసా ఖర్చు లేదనీ రాసేవారు. అమ్మీ ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అబ్బా ఇప్పుడు లేరు.

అందుచేత పిల్లల లిస్టు పక్కన పెట్టి, ఆ ఊరు ఏ వరసలో పెరిగిందో ఆ వరసలోనే చూద్దామని నేను ప్రోగ్రాం వేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా పోదలుచుకుంటే పనికిరావచ్చు.

ఊరు పుట్టిన చోటు

ఖోర్ అంటే ఏరు కాదు, భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దుబాయ్‌కి తల్లి అదే. 1833లో బనీ యాస్ తెగకు చెందిన ఆల్ బూ ఫలాసా వంశంవారు సుమారు ఎనిమిది వందల మంది అబూధాబీ విడిచివచ్చి, మక్తూం బిన్ బుత్తీ నాయకత్వంలో ఈ ఒడ్డున స్థిరపడ్డారు. అప్పటికే అక్కడ ఫహీదీ కోట ఉన్నది. అది 1787లో కట్టినదని చెబుతారు. నేడు ఊళ్ళో మిగిలిన కట్టడాల్లో అదే పాతది. 1971లో దానిని మ్యూజియం చేశారు.

అప్పటి జనం బ్రతికినది ముత్యాల మీద. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్ళంతా పడవల మీదనే ఉండేవారు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని నీళ్ళలోకి దిగేవాడు గవ్వాస్. తాడు పట్టుకుని అతణ్ణి పైకి లాగేవాడు సైబ్. అందరి మీద పెద్ద నాఖుదా. ఆ ముత్యాలు ఎక్కువగా బొంబాయి బజారుకే వచ్చేవి. గవ్వాస్‌లు ముందుగా అడ్వాన్సు తీసుకుని బయలుదేరేవారు. సీజను బాగా లేకపోతే అప్పు మిగిలేది, తండ్రి అప్పు కొడుకు మీద పడటం కూడా కద్దు. ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మా అబ్బా ఏజెంటుకిచ్చిన డబ్బు తాలూకు అప్పు తీర్చటానికే మొదటి రెండేళ్ళు సరిపోయాయి.

తరువాత జపానువాళ్ళు పెంచిన ముత్యాలు బజారులోకి వచ్చాయి. దానికి తోడు 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. 1930ల్లో ముత్యాల వ్యాపారం కూలిపోయి ఎన్నో ఇళ్ళు పస్తులున్నాయి.

వర్తకం, గాలి గోపురాలు, మన రూపాయి

కాని ఊరు చావలేదు. దానికి కారణం ముందే పడిన ఒక పునాది. 1894లో షేక్ మక్తూం బిన్ హషర్ పరదేశీ వర్తకులకు పన్నులు మాఫీ చేశారు. అవతలి ఒడ్డున ఇరాన్ రేవుల్లో సుంకాలు పెరిగేసరికి, లింగా, బస్తక్ ప్రాంతాల వర్తకులు ఇటు తరలివచ్చారు. వాళ్ళు కట్టుకున్న పేటే బస్తకియా. ఇప్పుడు అల్ ఫహీదీ పేట అంటారు. ఆ ఇళ్ళ మీద చదరపు గోపురాలు కనిపిస్తాయి, వాటి పేరు బర్జీల్. నాలుగు వైపులా తెరిచి ఉంటాయి, లోపల అడ్డగోడలుంటాయి. గాలి ఎటు వీచినా పట్టుకుని కింద గదిలోకి దింపుతాయి. కరెంటు లేని రోజుల్లో అదే వాళ్ళ కూలరు.

మన పెద్దలు వింటే సంతోషించే సంగతి ఒకటి కలదు. అక్కడ చాలాకాలం చెల్లినది మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం వేరే రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించినాక వాళ్ళు దానిని వదిలేశారు. ఇప్పటి దిర్హం 1973లో వచ్చినది.

నూనె వల్లనే దుబాయ్ పెద్దదయిందని చాలామంది అంటుంటారు. సంవత్సరాలు చూస్తే అది పూర్తి నిజం కాదని తెలుస్తుంది. ఖోర్ ఇసుకతో పూడిపోతుంటే షేక్ రాషిద్ గారు కువైట్ దగ్గర అప్పు తెచ్చి తవ్వించారు. ఆ పని 1961లో ముగిసింది. నూనె దొరికినది 1966లో, మొదటి ఎగుమతి 1969లో. అంటే ముందు రేవు, తర్వాత నూనె. 1971 డిసెంబరు 2న ఎమిరేట్లు ఒక్క దేశమయ్యాయి. 1979లో జబల్ అలీ రేవు మొదలయింది. మా అబ్బా మొదటి రెండేళ్ళూ పని చేసినది ఆ రేవులోనే.

మా ప్రోగ్రాం

నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ వాతావరణం హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో ముసలివాళ్ళను, పసిపిల్లలను తీసుకుపోవద్దు.

మొదటి రోజు ఏమీ పెట్టుకోలేదు. దిగటం, పడుకోవటం, సాయంత్రం ఖోర్ ఒడ్డున కూర్చోవటం. రెండో రోజు పొద్దున్నే ఫహీదీ పేట, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం అబ్రా పడవలో దేరా ఒడ్డుకు. పాతరకం అబ్రాకు మనిషికి ఒక్క దిర్హమే. మూడో రోజు జుమ్మా. ఆ రోజు నమాజు, భోజనం తప్ప వేరే పని లేదు. నాలుగో రోజు పొద్దున్న రాస్ అల్ ఖోర్‌లో చలికాలం వచ్చే ఫ్లెమింగో పక్షులు. తర్వాత పిల్లల ముచ్చట, 2010లో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా. మెట్రోలో జబల్ అలీ వైపు ఒకసారి పోయిరావాలని కూడా ఉంది.

భోజనానికి ఇబ్బంది లేదు. దేరా, బర్ దుబాయ్, కరామా వైపు మన వంటలు దొరుకుతాయి. అయినా ముస్లిం దేశమని కళ్ళు మూసుకోరాదు. చాలా హోటళ్ళలో మద్యం ఉంటుంది, గది తీసుకునే ముందే అడగాలి. పెద్ద దుకాణాల్లో పంది మాంసానికి వేరే గది, దాని మీద బోర్డు ఉంటాయి. పిల్లలకు ఆ బోర్డు చదవటం నేర్పండి.

పదిహేను రోజులకు తక్కువ ఉంటే మన హనఫీ ప్రకారం ముసాఫిర్లం. నాలుగు రకాతుల ఫర్జ్ రెండు చదవాలి. మస్జిదులో స్థానిక ఇమాం వెనక నిలబడితే పూర్తిగానే చదవాలి. ఖిబ్లా మన హైదరాబాదులో పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది, అక్కడ పడమరకు కొంచెం దక్షిణంగా. మ్యాపు తీసి మా క్లాసు పిల్లలకు చూపిస్తే ఎంతో ఆశ్చర్యపోయారు.

హలాల్ అంటే మాంసం ఒక్కటే కాదు, డబ్బు కూడా. వడ్డీకి తెచ్చి విహారయాత్ర చేయటం నాకు సమ్మతం కాదు. షేక్ రాషిద్ అప్పు చేసినది జనం బతుకుతెరువుకు. మనం చేసేది ముచ్చటకు. మా ఇంట్లో రెండేళ్ళు చిట్టీ కట్టాం. అది చాలకపోతే ఇంకో ఏడాది ఆగేవాళ్ళం. అక్కడినుంచి ఫొటోలు పంపి లేనివాళ్ళ మనసు కష్టపెట్టవద్దని పిల్లలకు ముందే చెప్పాను.

చివరగా ఒక విజ్ఞప్తి. కరీంనగర్, నిజామాబాద్, కడప, మన హైదరాబాదు నుంచి ఎంతమందో ఆ ఊళ్ళకు వెళ్ళారు. షేకుల పేర్లు, సంవత్సరాలు పుస్తకాల్లో ఉన్నాయి. ఇటుక పెట్టినవాళ్ళ పేర్లు మాత్రం మన ఇళ్ళల్లో పాత పెట్టెల్లో, నీలం రంగు ఎయిర్‌మెయిల్ ఉత్తరాల్లో ఉన్నాయి. ఎవరి ఇంట్లో అలాంటి ఉత్తరాలున్నా పారేయకండి. ఏ సంవత్సరం వెళ్ళారు, ఏ పని చేశారు, ఎప్పుడు తిరిగొచ్చారు అని ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. వచ్చే సావనీరులో అందరివీ కలిపి వేద్దాం. ఉర్దూలో ఉన్నవాటిని తెలుగు చేసే పని నేను చేసి పెడతాను.

అమ్మీకి పాస్‌పోర్టు వచ్చింది. మోకాళ్ళ నొప్పి ఉన్నా వస్తానంటున్నది. ఖోర్ ఒడ్డున మా అబ్బా ఎక్కడ కూర్చునేవారో మాకు తెలియదు. ఏదో ఒక చోట కూర్చుని ఆయన కోసం దుఆ చేసుకుని వస్తాం. మీరూ చేయండి. ఖుదా హాఫిజ్.