రెండో గ్లాసు
హోటళ్ల చరిత్ర అంటే పెట్టినవాళ్ల కథలే చెప్తారు. వంటింటి పనితో మొదలై 1938లో మద్రాసులో ఉడ్‌ల్యాండ్స్ పెట్టిన కృష్ణారావు కష్టం కాదనను. బల్ల దగ్గర ఎవర్ని కూర్చోనిచ్చారో ఆ కథల్లో ఉండదు.

1950లోనే రాజ్యాంగం 15(2) అధికరణలో హోటళ్లను పేరుపెట్టి చెప్పింది. 1953లో కర్నూలు రాజధాని అయింది. పక్కనే మా కల్లూరు. మా అబ్బ మాత్రం టీ అంగడి చూరులో పెట్టిన గ్లాసు తానే తీసుకొని, బయట నిలబడి తాగి, కడిగి పెట్టేవాడంట.

1960 ఫిబ్రవరిలో అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణం భోజనాల కౌంటర్ దగ్గర కూర్చొని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. మర్నాడు ఇంకొందరితో వచ్చారు. జూలైలో వడ్డించక తప్పలేదు. వాళ్లకు చట్టం 1964లో గానీ రాలేదు.

మీ ఊళ్లో రెండో గ్లాసు ఎప్పుడు పోయింది, ఎవరు ఎదురు తిరిగితే పోయింది? పెద్దోళ్లను అడిగి రాయండి.