రెండు తాళాలు: ఇంట్లో కట్టిన విమానం సరిహద్దు దాటాలంటే

మొన్నటి ఎపిసోడ్‌లో సొంత చేతులతో విమానం కట్టుకునేవాళ్ల గురించి మాట్లాడుకున్నాం కదా. టైం చాలక ఒక ముచ్చట మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నా. ఇంగ్లండ్‌లో, అమెరికాలో గ్యారేజీలో విమానం కట్టి, ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, పర్మిట్ తీసుకుని నడిపేవాళ్లు వేలమంది ఉన్నారు. అదే విమానం పక్క దేశానికి పోవాలంటే మాత్రం రెండు తాళాలు తెరుచుకోవాలి. అవి ఎప్పుడు పడ్డాయో చూద్దాం.

మొదట్లో తాళమే లేదు. 1909 జూలై 25న లూయీ బ్లెరియో అనే ఫ్రెంచ్ ఇంజనీరు తను తయారు చేసిన విమానంలో సముద్రం దాటి ఇంగ్లండ్‌లోని డోవర్‌లో దిగాడు. పట్టింది 37 నిమిషాలు. కస్టమ్స్ వాళ్లు వచ్చారు గానీ, విమానానికి వాళ్ల దగ్గర ఫారమే లేదు. ఓడలకు వాడే ఫారం మీదే రాసుకున్నారు. ఇంట్లో కట్టిన బండి, చిన్న ఇంజను, కాగితం ఏదీ లేదు. అయినా దేశం దాటేసింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. విమానం బాంబు వేయగలదని అందరికీ అర్థమైంది. అందుకే 1919 పారిస్ ఒప్పందంలో ఒక మాట ఖాయం చేశారు: ఏ దేశం నేల మీది ఆకాశం ఆ దేశానిదే. అంటే రావాలంటే ఒప్పుకోలు కావాలి. ఇది మొదటి తాళం.

దీని బలం ఎంతో షార్జాలో ఉండేవాళ్లకు కళ్లముందే కనబడుతుంది. లండన్ నుంచి ఇండియాకు వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు పర్షియా తీరం వెంట వచ్చేవి. ఆ దారి కొనసాగడానికి పర్షియా ఒప్పుకోలేదు. దాంతో 1932లో దారి అరబ్బుల తీరానికి మారింది, షార్జాలో ఎయిర్‌పోర్టు వెలిసింది. ఇప్పుడు మనం ట్రాఫిక్‌లో ఇరుక్కునే కింగ్ అబ్దుల్ అజీజ్ రోడ్డే అప్పటి రన్‌వే. పక్కనున్న అల్ మహత్తా మ్యూజియం అప్పటి ఎయిర్‌పోర్టు కోట.

రెండో తాళం 1944 డిసెంబర్ 7న చికాగోలో బిగిసింది. 52 దేశాలు సంతకం చేశాయి, అందులో ఇండియా కూడా ఉంది. ఆ ఒప్పందం 31వ ఆర్టికల్ ప్రకారం దేశాలు దాటే ప్రతి విమానానికీ ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, అంటే ఎగరడానికి తగినదనే పత్రం ఉండాలి. 33వ ఆర్టికల్ ప్రకారం, అందరూ ఒప్పుకున్న కనీస ప్రమాణాలకు తగ్గకుండా ఒక దేశం ఇచ్చిన పత్రాన్ని మిగతా దేశాలు ఒప్పుకోవాలి.

ఫ్యాక్టరీ విమానానికి ఇది వరమే. ఇంట్లో కట్టిన విమానం మాత్రం ఇక్కడే ఆగిపోయింది. దానికి బ్రిటన్‌లో ఇచ్చేది 'పర్మిట్ టు ఫ్లై', అమెరికాలో ఇచ్చేది 'ఎక్స్‌పెరిమెంటల్' అనే ప్రత్యేక సర్టిఫికెట్. సొంత దేశంలో రెండూ చెల్లుతాయి. చికాగో అడిగిన పత్రం మాత్రం అవి కావు. అందుకే దాటే ప్రతి దేశం దగ్గరా విడిగా అనుమతి అడగాలి.

ఈ బాధ మనకు కొత్తదా? నా ఐటీఐ సర్టిఫికెట్ మీద రాష్ట్రం ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర ఉన్నాయి. అన్ని ముద్రలూ కలిసి చెప్పేది ఒక్కటే: కాగితం అసలుది అని. దాన్ని ఇక్కడి చదువుతో సమానంగా చూస్తామని ఏ ముద్రా చెప్పదు. అటెస్టేషన్ వేరు, గుర్తింపు వేరు.

మరి విమానాల వాళ్లు ఏం చేశారు? చికాగో ఒప్పందం మారేదాకా కూర్చోలేదు. ఇరుగుపొరుగు దేశాలే మాట్లాడుకున్నాయి. 1980లో ఈసీఏసీ అనే యూరప్ దేశాల విమానయాన వేదిక ఒక సిఫారసు చేసింది: సభ్య దేశం ఏదైనా ఇంట్లో కట్టిన విమానానికి పర్మిట్ ఇస్తే, మిగతావాళ్లు దాన్ని రానివ్వాలి అని. అది సిఫారసే, చట్టం కాదు. అందుకే కొన్ని దేశాలు ఎన్ని రోజులుండొచ్చో పరిమితి పెట్టాయి, కొన్ని ముందే చెప్పి రమ్మన్నాయి. అమెరికా, కెనడాల మధ్య ఇంకా సులువు. అమెరికా పైలట్ కెనడా ముందే తయారు చేసి పెట్టిన అనుమతి పత్రాన్ని ప్రింట్ తీసుకుని, తన సర్టిఫికెట్‌తో పాటు విమానంలో ఉంచుకుని, అందులోని షరతులు పాటిస్తే చాలు. కెనడా వాళ్లకు అమెరికా కూడా అలాంటి ఏర్పాటే చేసింది.

విమానం ఏమీ మారలేదు. అదే రెక్క, అదే ఇంజను. మారింది రెండు ప్రభుత్వాల మధ్య నమ్మకం. ఆ నమ్మకం కూడా ఊరికే రాలేదు. కట్టుకునేవాళ్లు సంఘాలు పెట్టుకుని, తమ పని చూపించి, ఏళ్ల తరబడి అడిగారు.

కాబట్టి తమ్ముళ్లూ, ఏజెంటు 'ముద్ర వేయిస్తే చాలు, పెద్ద పోస్టు' అంటే డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: 'నా కాగితాన్ని ఆ దేశంలో ఎవరు, ఏ రూల్ కింద, ఏ పనికి ఒప్పుకుంటారు?' జవాబు రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ డబ్బు ఇంటికి పంపుకోండి.